తొమ్మిదో భాగంలోని మాట

మా చెల్లెలు బుల్లి పోయింది ఒక బుధవారం నాడు. మూడో పీరియడ్‌లో ఏడో తరగతికి యూనిట్ పరీక్ష పేపర్లు ఇస్తున్నాను. అర మార్కు కోసం పిల్లలు నా బల్ల చుట్టూ మూగి, సంధి విడదీశాను కదా టీచర్, పేరొక్కటేగా రాయంది టీచర్, అని పీక్కు తింటున్నారు. ఫోన్లు స్టాఫ్‌రూమ్ అలమరలో పెట్టి రావాలన్నది మా బడి నియమం. ఆ రోజు మరచిపోయి చేతిసంచీలోనే ఉంచుకున్నాను. విరామం గంట కొట్టాక, పదకొండూ ఇరవైకి, తీసి చూస్తే బుల్లి దగ్గర్నించి ఒక వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. పదీ నలభై రెండుకు పంపింది. నాలుగు సెకన్లు. పిల్లల గోలలోనే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఒక్కటే మాట. నన్ను పిలిచినట్టు వినిపించింది. పేపర్లు ఇస్తున్నా, లంచ్‌లో చేస్తా, అని టైపు చేసి పంపాను. అది చదివినట్టు పదకొండూ ముప్పై ఒకటికి గుర్తు పడింది. ఒంటిగంటకు బుల్లి పనిచేసే కళ్లద్దాల షాపు యజమాని బయటి పని చూసుకుని తిరిగొచ్చేసరికి, వెనక గదిలో అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీసే యంత్రం తిరుగుతూనే ఉంది. దాని పక్కన నేలమీద మా బుల్లి ఉంది. ఇది జరిగి మూడు నెలలు.

ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటి ఐదు నిమిషాలు. ఐదింటికి బుల్లి కూతురు వస్తుంది. బడి నుంచి వచ్చి, దిద్దాల్సిన నోటుపుస్తకాల కట్టను కుర్చీలో పడేసి, మంచినీళ్లు కూడా తాగకుండా టీవీ ముందు కూచున్నాను. మూడున్నరకు నేను బడి గేటు దాటుతుండగా ఆ పిల్ల ఫోన్ చేసి, పెద్దమ్మా, అమ్మ ఫోన్ తెరుచుకుంది, అంది. తనే చెప్పుకుపోయింది. అమ్మ ఆ రోజు నీకో వాయిస్ పంపింది, నువ్వు జవాబు కూడా పెట్టావు, నేనింకా వినలేదు, ఒక్కదాన్నే వినలేను, పని దిగి ఐదింటికల్లా మీ ఇంటికొస్తా, అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్లుగా పిల్లల తల్లిదండ్రుల కోపాలకూ హెడ్మాస్టర్ల కోపాలకూ ఎదురు నిలబడి నేర్చుకున్నాను, కోపానికి ఒక పద్ధతి ఉంటుంది, అది అయిపోయేదాకా నేల చూస్తూ నిలబడితే చాలు. ఈ పిల్ల గొంతు మాత్రం చాలా మామూలుగా ఉంది. లిఫ్టులు బాగుచేసే పని దానిది. ఎన్నో అంతస్తులో ఆగిపోయింది, లోపల ఎవరైనా ఉన్నారా, అని అడిగే గొంతు అది. లోపల నేనున్నాను. కింద నుంచి లిఫ్టు కదిలిన చప్పుడైన ప్రతిసారీ నా గుండె దానితో పాటు నాలుగు అంతస్తులూ ఎక్కి దిగుతోంది. ఇంకా యాభై నిమిషాలున్నాయి. ఆ పిల్ల వచ్చేలోగా నాకో సంగతి తేలాలి. అది టీవీలో నడుస్తున్న ఈ నాటకం తొమ్మిదో భాగంలో ఉంది. కిటికీలోంచి ఎండ తెరమీద పడి, దాని మీది దుమ్మంతా కనబడుతోంది. నవ్వించడానికి తీసిన కథను ఇంత భయంగా చూసే మనిషి లోకంలో ఇంకొకరుంటారా.

అది కొరియా నాటకం, పదహారు భాగాలు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే చిన్న కంపెనీ నడిపే ఒక అమ్మాయి, టీవీలో వాతావరణం చదివే ఒక అబ్బాయి. అతను వాన రాదని చెప్పిన రోజే ఆమె లారీలో ఎవరివో పరుపులన్నీ తడిసి ముద్దవుతాయి. ఆ పరుపుల్లో ఒకదాన్ని భుజాన వేసుకుని ఆమె టీవీ ఆఫీసుకే పోయి అతన్ని నిలదీస్తుంది. ఇతను వాన రాదంటే గొడుగు పట్టుకో, వస్తుందంటే బట్టలారేసుకో, అనేది బుల్లి. అతనికి తుంపర అని పేరు పెట్టింది. మా అమ్మ చనిపోయిన ఏడాది మొదలుపెట్టాం ఇది చూడడం. ఎవరూ చావని కథ ఏదైనా ఉంటే పెట్టవే, అని నేనే అడిగితే, బుల్లి షాపుకొచ్చే ఒక కళ్లద్దాలావిడను వాకబు చేసి మరీ పట్టుకొచ్చింది. నిజంగానే అందులో ఎవరూ చావరు. ఒక ముసలి కుక్క ఉంది, అదీ చావదు, చివరి భాగంలో దానికో గొడుగు కూడా కొంటారు. శనివారాలు చూసేవాళ్లం. రెండేళ్లలో ఆరుసార్లు తిరగేశాం. సోఫాలో గోడవైపు దానిది, గుమ్మంవైపు నాది. అది పగలంతా అద్దాల అంచులు చూసి అలిసిన కళ్లను తుడుచుకుంటూ తెరకింది తెలుగు అక్షరాలు చదవడానికి బద్ధకించి, ఏమన్నాడు, ఇప్పుడేమన్నాడు, అని నన్ను గిల్లుతుండేది. నేను పైకి చదివేదాన్ని, తప్పులు దిద్దుతూ చదివేదాన్ని. మొదటి ముద్దు సన్నివేశంలో, ప్రేమిస్తున్నాను అన్న మాటకు నకారం కింద వత్తు పడలేదు. ఆ సంగతి చెప్పేసరికి బుల్లి దిండు తీసి నా నెత్తిన వేసింది.

"వాళ్లు ముద్దు పెట్టుకుంటుంటే నీకు వత్తు కనబడిందా అప్పా?"

అప్పా. ఆ పిలుపు నేను నేర్పిందే. నలభై ఏళ్లకు పైగా అక్కా అనే పిలిచింది. నాటకంలో పక్కింటి పిల్ల ఆ లారీ అమ్మాయిని ఒన్నీ, ఒన్నీ అంటూ వెంటపడుతుంది, వాళ్ల భాషలో ఆడపిల్ల తన అక్కను పిలిచే మాట. బుల్లి దాన్ని పట్టుకుని నన్ను ఒన్నీ అనడం మొదలుపెట్టింది. నాకు చిరాకేసింది. అరువు మాట దేనికి, మనకు లేకనా, అన్నాను. అప్పచెల్లెళ్లు అంటామా లేదా, అందులో అప్ప ఎవరనుకున్నావు, అక్కే, జంటలో ఉంచి విడిగా పిలవడం మానేశాం గానీ ఎంత మంచి మాట, అని ఒక పావుగంట పాఠం చెప్పాను. అది సోఫాలోంచి లేచి, చేతులు కట్టుకుని, మా బడి పిల్లల్లాగా తలూపి, సరే అప్పా, అలాగే అప్పా, అంది. వెక్కిరింపుగా మొదలైన మాట వాడుకలో ముదిరి పిలుపైపోయింది. ఫోన్లోనూ అదే, వీధిలోనూ అదే. నేను ఊరుకుని ఉంటే అది అక్కా అనే అనేది. అక్కా అని ఉంటే ఇవాళ నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు, ఈ నాటకం పెట్టుకుని ఇలా వణకాల్సిన పనీ ఉండేది కాదు. ఎప్పుడూ తప్పు రాసేవాళ్లను దిద్దాను. తప్పు లేని చోట దిద్దడం ఆ ఒక్కసారే చేశానేమో.

పక్కింట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్నారు. ఏడో భాగం నడుస్తోంది, తొమ్మిదికి నేరుగా పోవచ్చు, వేలు పోవడం లేదు. ఏడు చూస్తున్నట్టు కూచున్నాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. తుంపర గులాబీ రంగు వానకోటు వేసుకుని పరిగెత్తుతున్నాడు, అది ఎవరో ముసలావిడది, మోకాళ్లదాకా కూడా రాదు, ఇక్కడ బుల్లి ప్రతిసారీ కడుపు పట్టుకునేది. నా పక్కన గోడవైపు దిండు ఎత్తుగానే ఉంది, దాన్ని ఎవరూ నొక్కలేదు. బల్లమీద నా ఫోన్ బోర్లా పడుకోబెట్టి ఉంది. ఆ నాలుగు సెకన్లు దానిలో ఉన్నాయి. ఆ రోజు పదకొండూ ఇరవైకి విన్నదే, మళ్లీ వినలేదు. వింటే తేలిపోతుంది కదా, చెయ్యి చాస్తే అందే దూరం. చెయ్యి రాదు. ముందు ఇక్కడ తేడా బాగా పట్టుకుని, చెవిని సిద్ధం చేసుకుని, అప్పుడు వింటే పొరపాటు పడనని నాకు నేను చెప్పుకుంటున్నాను. పరీక్షకు చదవని పిల్లలు పెన్సిళ్లు చెక్కుకుంటూ కూచుంటారు, చూశాను.

తేడా ఏమిటంటే, వాళ్ల భాషలో నాన్నను అప్పా అంటారు. నొప్పిగా ఉందనడానికి అఫా అంటారు. తొమ్మిదో భాగమంతా ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. లారీ అమ్మాయి గిడ్డంగిలో ఒంటరిగా ఉండగా ఒక బీరువా ఒరిగి కాలు దాని కింద ఇరుక్కుంటుంది. చేతికందిన ఫోన్లో తుంపరకు చేసి, నీరసంగా, అఫా అంటుంది. అతనికి అప్పా అని వినిపిస్తుంది. పాపం వాళ్ల నాన్నకు చేయబోయి నాకు చేసింది, అనుకుంటాడు. ఈ నాటకాన్ని తెలుగులో మాట్లాడించి కూడా పెట్టారు. అందులో నాన్నకూ నొప్పికీ పొంతన కుదరక ఆమె చేత నా... నా... అని నీళ్లు నమిలించారు. అది విని బుల్లి, ఈవిడకు నొప్పి కాలికా నాలుక్కా, అని లేచిపోయింది. అప్పటి నుంచి వాళ్ల గొంతులతోనే చూసేవాళ్లం. ఆ అఫా మా ఇంట్లో కూడా కాపురం పెట్టింది. మెట్లెక్కితే అఫా, గిన్నెలు తోమమంటే అఫా, నేను వ్యాకరణం ఎత్తితే చెవులు మూసుకుని అఫా. ఒకే గుక్కలో రెండూ అనేది, అప్పా, అఫా, అక్కయ్యా నొప్పే, అని దాని భాష.

ఫ పలకడం కూడా నేనే నేర్పాను. ఇప్పటి పిల్లలు పంటితో పెదవి నొక్కి ఫలం అంటారు, అది ఫ కాదు, పకారానికి ఊపిరి చేరిస్తే వచ్చేది ఫ. తరగతిలో నేను చేసే పద్ధతి ఒకటుంది. వేలెడు వెడల్పు కాగితం చింపి పిల్లల పెదాల ముందు పట్టిస్తాను. ప అంటే కాగితం కదలకూడదు. ఫ అంటే ఎగరాలి. బుల్లి ఒక శనివారమంతా మెడికల్ షాపు చీటీ ఒకటి ముఖం ముందు పట్టుకుని అఫా, అఫా అని సాధన చేసి, తుమ్ములొచ్చి మానేసింది. మెల్లగా అంటే కుదిరేది. తొందరలో ఉంటే, నీరసంగా ఉంటే, రెండూ ఒకేలా వచ్చేవి. అదే కదా నా గొడవ. అ అన్నాక మధ్యలో ఒక ఆగుడు ఉంది ఆ మెసేజ్‌లో, నాకు గుర్తుంది, ఒకవేళ నేను కల్పించుకోలేదు కదా, మూడు నెలలుగా తిప్పి తిప్పి గుర్తు చేసుకుంటుంటే మాట అరిగిపోదా, గట్టి అంచు ఉన్న అద్దాన్ని కూడా బుల్లి చక్రం మీద పెడితే అరిగేది. ఆ ఆగుడు ఉన్న మాట నిజమే. ద్విత్వానికి ముందు నోరు ఒక్క క్షణం మూసుకుంటుంది, అప్‌... పా. అది ఆగుడే. ఊపిరి అందక ఆగినా ఆగుడే. మిగతా సెకన్లలో యంత్రం తిరుగుతున్న రొద, ఇవతల నా పక్కన ఎవడో, అర మార్కు టీచర్, అర మార్కు, అంటున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు గుండెపోటని చెప్పి, నన్ను పక్కకు పిలిచి, నొప్పిగా ఉందని ఎవరితోనైనా అన్నారా, దవడ లాగుతోందనో, వీపు మంట పుడుతోందనో, అని అడిగాడు. కాగితంలో రాసుకోవడానికి అడిగాడు, అంతే, అతని చేతిలో పెన్ను ఉంది. నేను లేదన్నాను. ఆలోచించకుండా అన్నాను. అప్పటికి నా మనసులో ఉన్నది పిలుపే, నొప్పి అన్న మాట నాకు స్ఫురించనేలేదు, అది ఒట్టు. బుల్లి కూతురు నా పక్కనే ఉంది, పని మీద నుంచి పరిగెత్తుకొచ్చింది, చేతులకు గ్రీజు, ఆ చేత్తోనే నా మోచెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. అమ్మకు ఏమీ తెలియలేదు, నొప్పి కూడా లేదు, డాక్టరే చెప్పాడు. డాక్టరు చెప్పలేదు. నేను చెప్పాను. ఆ పిల్ల ఆ ఒక్క వాక్యాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. నాకు స్ఫురించింది నాలుగో రోజు. గిన్నెలు తోముతుంటే వేడి మూకుడు తగిలి చెయ్యి కాలి, నా నోటినుంచి దాని మాట, అఫా అని వచ్చింది. కొళాయి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు నుంచీ ఈ భయం నా వెంట బడికి వస్తోంది, తిరిగి ఇంటికొస్తోంది, పక్క మీద నాకంటే ముందు పడుకుంటోంది.

ఇంకా ఒకటుంది. ఫోన్ తాళం. అమ్మ ఏ అంకెలు పెట్టుకుని ఉంటుంది పెద్దమ్మా, అని ఆ పిల్ల మూడు నెలలుగా అడుగుతోంది. తన పుట్టినరోజు చూసింది, నాది చూసింది, అమ్మ షాపులో చేరిన సంవత్సరం చూసింది. దానిలో అమ్మ ఫోటోలున్నాయి, గొంతుంది, అంటుంది. నాకు తెలుసు. లారీ అమ్మాయి బండి మీద తెల్ల రంగుతో రాసి ఉండే నాలుగంకెలు. బుల్లి పెట్టె తాళానికీ అవే, షాపు వెనక తలుపుకూ అవే. తెరిస్తే ఆ నాలుగు సెకన్లూ వింటుందని, తెలియదన్నాను. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ, ముఖం చూస్తూ చెప్పాను. ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు, దాని మీద ఇంకోటి, పిల్లలు కొట్టివేతల మీద కొట్టివేతలు పెట్టి పేజీ చిల్లు పడేదాకా రుద్దుతారే, అలా. నిన్న ఆదివారం ఆ పిల్లకు అమ్మ బెంగ పట్టి ఈ నాటకం మొదటి భాగం పెట్టుకుందట. ఎనిమిదో నిమిషంలో లారీ వస్తుంది. అలా తెరుచుకుంది. ఇవాళ మూడున్నరకు నాకు అది చెబుతూ ఒక్క క్షణం ఆగింది. నీకు తెలుసా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

నాలుగూ ముప్పై. తొమ్మిదో భాగానికి వచ్చాను. గిడ్డంగి. పసుపు దీపం. ఆమె ఏదో పాట సన్నగా పాడుకుంటూ తాళ్లు చుడుతోంది, నవ్వుకుంటోంది, ఆమెకు తెలియదు, నాకు తెలుసు. బీరువా తలుపు కిర్రుమంది. ఇక్కడ బుల్లి నా చెయ్యి పట్టుకునేది, ఆరోసారి కూడా పట్టుకుంది, వస్తోంది వస్తోంది, అని. పడింది. ఫోన్ కోసం చెయ్యి చాచింది. నేను టీవీకి అంత దగ్గరగా ఎప్పుడూ కూచోలేదు. మోకాళ్ల మీద కూచుని చెవి పెట్టాను. అఫా, అంది. వెనక్కి తిప్పాను. అఫా. మళ్లీ తిప్పాను. ఈసారి అప్పా. మళ్లీ. ఏమీ కాదు, ఊపిరి చప్పుడు. ఏడోసారి ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. కుర్చీలోని నోటుపుస్తకం అంచు చింపి, ఆ కాగితాన్ని టీవీ స్పీకరు ముందు పట్టుకున్నాను. ఎగురుతుందేమోనని. పెట్టెకు ఊపిరి ఎక్కడిది. కాగితం నా చేతి వణుకుకే కదులుతోంది. ఎవరిదో నోటుపుస్తకం అది, మార్జిన్‌లో ఎర్ర సిరాతో నేను రాసిన, శ్రద్ధగా వినాలి, అన్న ముక్క చీలికలో సగం వచ్చింది. లేచి నిలబడబోతే మోకాలు పట్టేసింది, దుమ్ము తెరమీద నా ముఖం, గిడ్డంగిలో ఆమె ముఖం, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. భయం అంటే గుండె కొట్టుకోవడం అనుకునేదాన్ని. ఇప్పుడు అది కొట్టుకోవడం లేదు, చల్లగా, చాలా మెల్లగా కదులుతోంది.

కథ ఆగదు కదా, నడుస్తోంది. తుంపర ఫోన్ చేత్తో పట్టుకుని తల గోక్కుంటున్నాడు. తప్పు విన్నాడు. నాన్న కావాలేమో అనుకుని, ఎందుకైనా మంచిదని, వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, మీ అమ్మాయి మిమ్మల్ని పిలుస్తోందండీ, అన్నాడు. ఆ పెద్దాయన కంపెనీలో సామాన్లు మోసే ఆరుగురినీ వెంటేసుకుని గునపంతో వచ్చాడు. కంగారులో ముందు పక్క వాకిలి తలుపు పగలగొట్టారు, అందులో సోఫాలో నిద్రపోతున్నాయన్ను సోఫాతో సహా ఎత్తి వీధిలో పెట్టారు. లోకమంతా నవ్వే చోటు ఇది. మేమూ ఆరుసార్లు నవ్వాం. ఏడోసారి చూస్తుంటే నాకు కనబడిందల్లా, అతను తప్పు విన్నా మనుషులు వెళ్లారు. మాట ఏదో తెలియకపోయినా, పిలుపనుకునే వెళ్లారు. నేనూ పిలుపే అనుకున్నాను. అనుకుని, లంచ్‌లో చేస్తా, అని రాశాను. అప్పా అయితే నేను నిర్దోషిని, అఫా అయితే దోషిని, అని ఇన్నాళ్లూ తక్కెడ పట్టుకుని కూచున్నాను. పదీ నలభై రెండుకు, పని వేళ, ఎప్పుడూ పని వేళ పిలవని మనిషి పిలిచింది. అది పిలుపే అయినా అడగాల్సిందే, ఏమిటే అని. మా బడి నుంచి షాపుకు ఆటోలో పన్నెండు నిమిషాలు. తెలిసిన దారే, ఎన్నిసార్లో వెళ్లాను, కళ్లద్దాల ముక్కుపిడి వంగిందని కూడా వెళ్లాను. ఇలా అనుకున్నాక కొంచెమైనా తేలికపడాలి కదా, నిజం ఒప్పుకుంటే తేలికంటారు. తేలిక పడలేదు. ఆ పిల్ల అడిగేది నా దోషం గురించి కాదు. వాళ్లమ్మకు నొప్పి పుట్టిందా లేదా అని. ఆ ముప్పావు గంట, లేదా ఆ గంట, ఆ గదిలో ఎలా గడిచిందని. దానికి ఏ నాటకంలోనూ జవాబు లేదు.

లిఫ్టు కదిలింది. మా లిఫ్టు మూడో అంతస్తు దాటేటప్పుడు మూలుగుతుంది. మూలిగింది. దాటింది. ఐదుకు మూడు నిమిషాలు తక్కువ. టీవీ ఆపబోయి రిమోట్‌లో వేరే మీట నొక్కాను, గునపం ఎత్తిన పెద్దాయన దగ్గర బొమ్మ నిలిచిపోయింది. గంట మోగలేదు. ఆ పిల్ల గంట నొక్కదు, వేలి కణుపుతో రెండుసార్లు తడుతుంది. తట్టింది.

తలుపు తీశాను. పనిబట్టల్లోనే వచ్చింది, భుజాన పనిముట్ల సంచి. బూట్లు విడుస్తూ, తల ఎత్తకుండా, మీ లిఫ్టు మూడో అంతస్తులో మూలుగుతోంది పెద్దమ్మా, ఎవరికీ చెప్పలేదా, అంది. చెప్పాం, ఎవరూ రాలేదు, అన్నాను. సంచి గోడకు ఆనించి, టీవీ వైపు చూసి, గునపం మనిషిని చూసి, నవ్వబోయి ఆగింది. నేనింకా రెండో దాంట్లోనే ఉన్నాను, చెప్పకు, అంది. తర్వాత గోడవైపు కూచుంది. దిండు నొక్కుకుపోయింది. వాళ్లమ్మ ఫోన్ తీసి బల్లమీద, నా ఫోన్ పక్కన పెట్టింది.

"లారీ నంబరు నీకు తెలుసు కదా పెద్దమ్మా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

తలూపింది. మోటారు గదిలో చెవి పెట్టి వింటున్నప్పుడు అలా తలూపడం చూశాను, ఒకసారి మా మేడమీద. కోపగించుకుంటుందని చూస్తున్నాను. లేచి వెళ్లిపోతుందని చూస్తున్నాను. బొటనవేలి గోటిలో ఉన్న గ్రీజును ఇంకో గోటితో తీస్తోంది. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు గనక చెప్పేశాను. నాలుగు సెకన్లే, ఒక్కటే మాట, పిల్లల గోలలో విన్నాను, అప్పా అని వినిపించింది, నన్ను పిలిచిందనుకున్నాను, అఫా కూడా అయి ఉండొచ్చు, డాక్టరు అడిగినప్పుడు నాకు ఆ ఆలోచన లేదు, తర్వాత వచ్చింది, వచ్చాక నీకు చెప్పలేదు. ఇంత పొడుగు వాక్యం నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. అఫా అన్న మాట వినగానే ఆ పిల్ల కళ్లు ఎత్తింది. ఆ మాట దానికి తెలుసు, ఆ ఇంట్లోనే ఉంది, రెండేళ్లుగా గిన్నెల దగ్గర రోజూ విన్నదే. వాళ్లమ్మ ఫోన్ మీద వేలు పెట్టింది. వేలు తీసేసింది.

"దార్లో విందామనుకున్నా. రెండుసార్లు వేలు దాకా వచ్చింది. నేను చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్తాను పెద్దమ్మా, మోటారు విప్పక్కర్లేదు నాకు. అమ్మ గొంతు వింటే తెలిసిపోతుంది. తెలిశాక ఇంక దాన్ని తీసెయ్యలేను. అందుకని నేను వినను." ఫోన్ నావైపు జరిపింది. "నువ్వు విను, వినకపో. నువ్వే చెప్పు. పిలిచిందా, నొప్పందా? నువ్వేదంటే అదే నేను నమ్ముతా. మళ్లీ అడగను."

అది నమ్ముతుంది. అదే నన్ను భయపెడుతోంది. మూడు నెలలు అబద్ధమాడానని ఇప్పుడే తేలింది, అయినా నా మాటకోసం కూచుంది, నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని. పిలిచిందంటే ఆ పిల్లకు నిద్ర మిగులుతుంది. నొప్పంటే నిజం కావచ్చు, కాకపోవచ్చు. తెలియదంటే అదీ నిజమే, కానీ ఆ తెలియకపోవడాన్ని జీవితమంతా మోయమని దాని భుజాన వేసినట్టవుతుంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, ఏ మాట రాయాలో తేలకపోతే ఖాళీ వదలండి, తప్పు రాయకండి అని. పక్కింటి మేకు చప్పుడు ఆగిపోయింది. ఎండ తెరమీద నుంచి నేలమీదికి దిగింది. ఐదుంపావు దాటింది. ఆ పిల్ల నా ముఖం వైపే చూస్తోంది. నేను ఇంకా జవాబు చెప్పలేదు.